పెద్దదిక్కు

ఎవరూ లేని విద్యార్థులకు కాలేజీ సహాయ కేంద్రం తలా ఒక సంరక్షక యంత్రాన్ని ఇస్తుంది. నాలుగు పెంపుడిళ్ళు మారి వచ్చిన నీలవేణికీ ఒకటిచ్చారు. అది తల దువ్వేది, అన్నం పెట్టేది. మొదటి వారమే, క్లాసుకి ఆలస్యమైందని చెంప పగలగొట్టింది.

చిట్లిన పెదవితో నీలవేణి కేంద్రానికి పరిగెత్తింది.

“మేమేం నేర్పలేదమ్మా,” అంది అక్కడి కౌన్సెలర్ మేడం. “నిన్ను పెంచినవాళ్ళ ఫైళ్ళు చూసి అదే నేర్చుకుంది.”

“అయితే ఇవాళ నన్ను చూసి నేర్చుకుంటుంది లెండి!”

గదికెళ్ళి ఇనప కుర్చీ ఎత్తింది. యంత్రం చెయ్యి ఊడి పడేదాకా బాదింది.

మర్నాడు క్లాసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి అది మంచం కింద నక్కి, మిగిలిన చేత్తో తల కప్పుకుని ఉంది. చిన్నప్పుడు తనూ అలాగే నక్కేది.

“కొట్టకమ్మా,” అంది యంత్రం. “ఇంకెప్పుడూ చెయ్యను.”