రాతి వాకిలి

“ఆ పడవ మాత్రం మరుగు కాకూడదన్నా. ఆయన పక్కనే కనపడాల,” అంది నవోమి.

ఫొటోగ్రాఫర్ రంగనాయకులు తెరను ఇంకాస్త పక్కకు జరిపి మేకుకు తగిలించాడు. గూడూరులో అతని స్టూడియో గోడకు ఉండాల్సిన తెర అది. పొద్దున నవోమి కబురు పంపితే, చుట్ట చుట్టి బస్సు మీద వేసుకుని కోట అనే ఊరి దాకా, అక్కణ్ణుంచి ఎద్దుల బండిలో సముద్రం ఒడ్డున ఉన్న ఈ పల్లె దాకా మోసుకొచ్చాడు. తెర నిండా నీలం సముద్రం. మధ్యలో నీళ్ళలోంచి లేచిన పెద్ద రాతి గుట్ట, దానికి వాకిలి తీసినట్టు ఇటునుంచి అటు పెద్ద కంత. అందులోంచి ఒక చిన్న పడవ అవతలికి పోతూ ఉంటుంది.

ఆ తెర ముందు పడక కుర్చీలో నవోమి భర్త దావీదు వెనక్కి ఆనుకుని ఉన్నాడు.

దావీదు ఓడల్లో బొగ్గు వేసే పని చేశాడు. సూయజు కాలువ మూతబడిన ఏడాది వాళ్ళ ఓడ మధ్యధరా సముద్రంలో ఏదో రేవులో ఆగిపోయింది. అప్పుడు చూశాడట ఆ రాతి వాకిలిని. ఎవరూ చెక్కింది కాదు, అలలే తొలిచాయట. చిన్న పడవలో దాని కిందుగా పోతూ పిలిస్తే, మన పిలుపు మనకే తిరిగొస్తుందట. అక్కడ నవోమీ అని పిలిచానని చెప్పాడు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ అదే కథ. మనూళ్ళో సముద్రం ఉండీ ఏం లాభం, ఇసుక తప్ప ఏమీ లేదనేవాడు. నవోమికి ఆ రాయి మీద సవతి మీద ఉన్నంత కోపం ఉండేది. తనిక్కడ వానకు కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకుంటూ ఉంటే, అక్కడ వాకిళ్ళు చూసొచ్చాడు మహానుభావుడు.

చివరికి ఆ బొగ్గే ఊపిరితిత్తుల్లో చేరింది. పనికి తగడని ఓడవాళ్ళు ఇంటికి పంపేశారు. పోయినేడు గూడూరు వెళ్ళినప్పుడు ఈ తెర కంటబడి స్టూడియో ముందే నిలబడిపోయాడు. మద్రాసులో ఎవరో ఏ బొమ్మను చూసో గీసిన తెర. అయినా అచ్చం అదే వాకిలి అని వాదించాడు. ఒళ్ళు కుదుటపడగానే నిన్ను తీసుకుపోతా, దాని ముందు ఇద్దరం ఫొటో దిగుదాం అని నవోమికి మాటిచ్చాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు.

ఒళ్ళు కుదుటపడలేదు. పడుకుంటే ఊపిరాడదు, అందుకని నిద్ర కూడా ఈ కుర్చీలోనే. నెల్లూరు ఆసుపత్రికి పోదామంటే, ముందు గూడూరు, తర్వాతే నెల్లూరు అనేవాడు.

ఫొటో పడితే ఇవాళే పడాలి, రేపటికి ఆగదు. అది నవోమికి తెలుసు.

దావీదు తమ్ముడు ఏసుమణి గుమ్మంలోంచి తొంగిచూశాడు.

“వదినా, పొద్దు వాలతా ఉండాది. బండి కట్టి ఎంతసేపయింది. అందురూ కాచుకోనుండారు.”

“ఉండనీ.”

“ఈ పరదాలూ బొమ్మలూ ఇప్పుడెందుకు? చూసేవోళ్ళు ఏమనుకుంటారు?”

“మీయన్న నాకు మాటిచ్చినాడు. నువ్వొచ్చి ఆ పక్క పట్టుకో. ఒకసారి ఆయన్ని బొమ్మ వైపు తిప్పాల.”

ఏసుమణి రంగనాయకులు మొహం చూశాడు. అతను తల వంచుకున్నాడు. ఇద్దరూ కుర్చీతో సహా ఎత్తి తిప్పారు. నవోమి భర్త చెవి దగ్గరికి వంగింది.

“చూడయ్యా. నీ వాకిలి మనింటికొచ్చింది.”

దావీదు ఏమీ అనలేదు. ఈమధ్య అతను మాట్లాడేదే తక్కువ, నోరు తెరిస్తే దగ్గు ముంచుకొచ్చేది. ఇవాళ ఆ దగ్గు కూడా లేదు.

పొద్దున్నించి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కింటి రెబెక్కమ్మ కాఫీ తెస్తే నవోమి వద్దంది. దావీదు తల దువ్వింది, బుగ్గలకు పౌడరు అద్దింది, ఓడ మీద వేసుకునే కోటు భుజాలకు కప్పింది. వాకిట్లో పల్లె పల్లెంతా చేరింది. కెమెరా వచ్చిందంటే మామూలుగా ఎంత గోల. ఏసుమణి ముందే గద్దించాడేమో, పిల్లలు కూడా కిక్కురుమనలేదు.

కుర్చీని మళ్ళీ ఇటు తిప్పారు. నవోమి పక్కన స్టూలు మీద కూర్చుని భర్త చేతి మీద చెయ్యి వేసింది. రంగనాయకులు నల్లగుడ్డలో తల దూర్చాడు.

“ఆయన కళ్ళు కనపడతా ఉండాయా అన్నా?”

“బాగా కనపడతా ఉండాయమ్మా.”

లోపల వెలుతురు చాలదు కాబట్టి, తను చెప్పేదాకా ఊపిరి బిగబట్టమన్నాడు. నవోమి బిగబట్టింది గానీ, నడిమధ్యలో ఆమె భుజాలు వణికాయి. బొమ్మ పడాల్సిన ఆ గాజు ప్లేటు చెడింది.

“ఆయన బాగానే ఉండాడు. మీరే కదిలినారు,” అని, అనకూడని మాటేదో అన్నట్టు నాలుక కరుచుకున్నాడు రంగనాయకులు. “ఇంకొకటే ప్లేటు ఉండాదమ్మా. ఇదీ పోతే నేనేం చెయ్యలేను.”

నవోమి పైటతో మొహం తుడుచుకుని నిటారుగా కూర్చుంది. కిటికీలోంచి ఊరి సముద్రం హోరు వినపడుతోంది. ఆ హోరు తన వెనకనున్న బొమ్మలోదే అనుకుంది. ఆ పడవలో ఉన్నది తామిద్దరమే అనుకుంది. ఈసారి ఆమె కదలలేదు.

“పడిందమ్మా,” అన్నాడు రంగనాయకులు బొంగురుగా. “పడవ కూడా పడింది.”

ఏసుమణి నలుగురిని వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. నవోమి వాళ్ళను ఆగమని చెయ్యి చూపి, భర్త మీదికి వంగింది.

పొద్దున మూసినట్టే, అతని కళ్ళు మళ్ళీ మూసింది.