చీర ఉయ్యాలల దగ్గర మనిషి

“ఏదీ, చేతులు చూపించు” అన్నాడు కొత్త మేనేజరు.

మదార్‌బీ రెండు చేతులూ చాపింది.

గుంటూరులో ఆ మిరపకాయల గోదాములో సాయంత్రం వరసగా నలభైమంది ఆడవాళ్ల చేతులు చూశాడు సీతారామాంజనేయులు. తొడిమలు తీసీ తీసీ, రంగు పోయిన తాలుకాయలు ఏరీ ఏరీ అందరి వేళ్లూ ఎర్రగా పొంగి ఉన్నాయి. ముసలి మదార్‌బీ చేతులు మాత్రం అప్పుడే స్నానం చేసి వచ్చినంత శుభ్రంగా ఉన్నాయి.

“నీ తట్ట నిండా బాగుచేసిన కాయలున్నాయే. ఎవరు చేశారు?”



“మేమే తలా ఓ దోసెడు వేశామండి” అంది పున్నమ్మ. ఆ గోదాములో మదార్‌బీ తర్వాత అంత పాతమనిషి ఆమే.

“మరి ఈవిడేం చేస్తుంది?”

“పిల్లల్ని చూసుకుంటుందండి.”

గోదాము చివర దూలాలకు నాలుగు చీర ఉయ్యాలలు వేలాడుతున్నాయి. కారం చేతులతో తల్లి బిడ్డను ముట్టుకునే వీల్లేదు. ఎన్ని నీళ్లతో కడిగినా ఆ మంట పోదు. అందుకే పాలవేళకు మదార్‌బీయే బిడ్డను తెచ్చి తల్లి రొమ్ముకు ఆనించి పట్టుకునేది. ఎవరి కంట్లోకన్నా చెమట కారితే తుడిచేది. కొప్పు ఊడితే ముడివేసేది. గొంతు మండితే నోట్లో నీళ్లు పోసేది.

సీతారామాంజనేయులుకు ఇవేవీ కనిపించలేదు.

అతను చెడ్డవాడేమీ కాదు. ఒంగోలు పొగాకు కంపెనీలో పని నేర్చి వచ్చినవాడు. ఉగాదిలోగా కొలంబో వెళ్లే సరుకు మద్రాసు రేవుకు చేరాలనీ, చేరకపోతే మళ్లీ ఒంగోలు బస్సెక్కమనీ షావుకారు పేరయ్య ముందే చెప్పాడు. పాపం, అతని కళ్లనిండా బస్తాలే.

“పదిమంది చాకిరీ ఒకళ్లు తినటమేంటమ్మా? రేపట్నుంచి రావద్దు.”

మదార్‌బీ బతిమాలలేదు. వరసలో కూర్చున్న కరీమున్ బిడ్డ నిద్రపోతుంటే, ఉయ్యాల చీర సర్ది, కొంగు కప్పుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దెక్కకముందే ఉయ్యాలల్లో ఏడుపు మొదలైంది.

కరీమున్ లేచింది. చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకుంది. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చింది. ఒంటిమీద తల్లి వేళ్లు తగిలిన చోటల్లా ఎర్రగా కందింది.

ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. పని సగానికి పడిపోయింది.

“మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదు” అన్నాడు మేనేజరు. చేతిలో గడియారంతో వరసల మధ్య తిరిగాడు.

ఎవరూ లేవలేదు. కానీ కళ్లు ఉయ్యాలల మీద, చేతులు కాయల మీద. తాలుకాయలు మంచికాయల్లో కలిసిపోయాయి. షావుకారు ముప్పై బస్తాలు విప్పించి మళ్లీ ఏరమన్నాడు.

పదో రోజున కరీమున్ బిడ్డ ఉయ్యాల్లోంచి జారి, పాకుతూ కాయల కుప్ప దాకా వచ్చింది.

“అయ్యా, ఒక్కసారి లేస్తానయ్యా” అంది కరీమున్.

“గంట కొట్టలేదు.”

పున్నమ్మ ఒక్క ఉదుటున లేచింది. బిడ్డ నోటి దగ్గరకు పోయిన కాయను లాగి పారేసింది.

“నిన్నెవరు లేవమన్నారు? ఇవాళ నీకు పని లేదు, పో” అన్నాడు మేనేజరు.

పున్నమ్మ అతని ముఖంలోకి చూసి వెళ్లిపోయింది.

మర్నాడు గోదాములోకి ఒక్క మనిషి రాలేదు.

ఎర్రటి కుప్పల మధ్య సీతారామాంజనేయులు ఒక్కడే నిలబడ్డాడు. ఉగాది ఇంకా వారం ఉంది.

కాసేపటికి పున్నమ్మ వచ్చి గుమ్మం బయటే ఆగింది.

“మదార్‌బీ పోయిందండి. వారం నుంచీ జ్వరం. ఆఖరిచూపుకని అందరూ అక్కడే ఉన్నారు. మీకు చెప్పి రమ్మన్నారు.”

అతను గతుక్కుమన్నాడు. అయినా బింకం వదల్లేదు.

“పని చెయ్యని మనిషి కోసం అందరూ పని మానేశారా?”

“పని చెయ్యని మనిషి కాదండి. పాతికేళ్ల కిందట ఈ గోదాముకి ఆమే మేస్త్రీ. కేకేస్తే మాకు హడలు. ఆమె ఉన్నన్నాళ్లూ ఒక్క బస్తా వెనక్కి రాలేదు.”

“మేస్త్రీయా? మరి ఎందుకు మానేసింది?”

“ఓ రోజు ఓ పిల్లతల్లి, బిడ్డ ఏడుస్తుంది లేస్తానంది. కుదరదంది మదార్‌బీ. బిడ్డ కుప్ప దాకా పాకొచ్చి కాయ నోట్లో పెట్టుకుంది. గొంతుకి అడ్డంపడింది. అందరం లేచేసరికి అయిపోయింది.”

నిన్న పాకివచ్చిన బిడ్డ సీతారామాంజనేయులు కళ్లముందు మెదిలింది.

“ఆ మర్నాడే మేస్త్రీగిరీ వద్దని ఉయ్యాలల దగ్గర కూర్చుందండి. మళ్లీ కాయ ముట్టలేదు. షావుకారు తండ్రిగారు ఎంత చెప్పినా వినలేదు.”

“ఆ తల్లి... ఆమెను ఏమీ అనలేదా?”

“రెండేళ్లు మాట్లాడలేదండి. తర్వాత ఇంకో బిడ్డ పుడితే, తీసుకొచ్చి మదార్‌బీ ఒళ్లోనే పడుకోబెట్టింది.”

“ఎవరమ్మా ఆ తల్లి?”

పున్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“నేనేనండి” అంది.