కండువాతో తుడిచిన భూతద్దం

కొబ్బరికి కంటికి ఆనని నల్లి పురుగు సోకిన కొత్తలో, దాని జాడ పట్టడానికి వ్యవసాయాధికారి కరుణకుమారిగారు కోనసీమ తోటలన్నీ తిరిగేవారు. ఆ రోజు సత్తిరాజు తోటలో ఒక పిందె ముచ్చిక ఊడదీసి, భూతద్దం కంటికి ఆనించుకున్నారు.

సత్తిరాజు పక్కకొచ్చి నిలబడ్డాడు. "మా తోట శుభ్రమండి, ఉండదులెండి. ఇంతకీ తమరు ఎవరి తాలూకండీ?"

"నగరం ఊళ్ళో చర్చి వీధండీ," అన్నారామె, కన్ను తీయకుండానే. "నల్లి ఉందండీ. మీరే చూడండి."

ఆమె అందించిన భూతద్దాన్ని సత్తిరాజు కండువా కొసతో రుద్ది రుద్ది తుడిచాడు. చెమటకి మసకబారి ఉంటుందని సర్దిచెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మసకా లేదు, మన్నూ లేదు! ఆమె కన్ను ఆనిన చోటు తుడిచాడు. తుడిచాకే చూశాడు. ముచ్చిక కింద తెల్లగా, పిండి చల్లినట్టు, నల్లి కదులుతోంది.

"పక్క తోట ఎవరిదండీ?" అని ఆమె అడిగారు.

"మీవాళ్ళదే," అన్నాడు. అండీ లేదు. మా వైపు అండీ తీసేస్తే చాలు, వేరే తిట్టక్కర్లేదు.

కంచె దగ్గర ఆమె ఆగారు. సంచిలోంచి స్పిరిట్‌లో ముంచిన దూది తీసి భూతద్దం తుడిచారు. చేతులు మోచేతుల దాకా తుడుచుకున్నారు. చీర కుచ్చిళ్ళు దులుపుకున్నారు.

"అదేంటండీ?" అన్నాడు సత్తిరాజు.

"ఏమీ అనుకోకండి. మీ తోటలో నల్లిని వాళ్ళ తోటకి మోసుకెళ్ళకూడదు కదండీ."

సత్తిరాజు కండువాని ఉండచుట్టి వీపు వెనక దాచుకున్నాడు.