గోడకి అవతలి నీళ్లు

కుళాయి పిడిని ఆఖరిదాకా ఎత్తి పట్టుకున్నా నూలుపోగంత ధారే పడుతోంది. తొట్టి అడుగు కూడా తడవలేదు. దొడ్డిలో ఆవులు తాళ్లు తెంపుకునేలా గుంజుతున్నాయి. నిన్న ఈనిన ఆవు మాత్రం అరవడం మానేసి ఒరిగి పడుకుంది. అరిచేవాటికన్నా అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

“గొట్టం మెలిక పడిందేమో చూడండి,” అంది భార్య.

“గొట్టం ఎప్పుడో పీకి పారేశాను. కళ్లు నెత్తికెక్కాయా?”

“నామీద అరిస్తే నీళ్లొస్తాయంటే అరవండి, బిందె తెచ్చుకుంటాను.”

అతను కుళాయి మూతి విప్పాడు. లోపలి జల్లెడ శుభ్రంగా ఉంది. వాషరు మార్చాడు. పిడి దగ్గర మర బిగించాడు. కుళాయి మొదలు దగ్గర మోచెయ్యి లోతు తవ్వి చూశాడు. లీకేమీ లేదు, మట్టి పొడిపొడిగా రాలింది. ఒక్కొక్కటీ బాగానే ఉందని తేలినకొద్దీ అతని గుండె జారిపోసాగింది. ఏదో ఒకటి పాడై ఉంటే బావుండును. పాడైనదాన్ని బాగుచెయ్యొచ్చు.

“మోటారు?” అంది ఆమె.

“తిరుగుతూనే ఉందిగా, వినపడట్లేదూ?”

“అయితే ఇంకేముంది? మీ అన్నయ్యగారే.”

బోరు ఇద్దరిదీ. పైపు గోడ దగ్గర రెండుగా చీలుతుంది. ఒకరు బార్లా వదులుకుంటే రెండోవారికి చుక్కే గతి. ఇంతసేపూ ఆ సంగతి ఎందుకు తట్టలేదో! అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కోపం అనుకున్నాడు గానీ, అది కోపం కాదు. తనకే సిగ్గనిపించేంత సంతోషం. రెంచి పట్టుకుని ఒక్క ఊపున గోడ దూకాడు.

అన్న గడ్డపారతో ఎదురొచ్చాడు.

“రా రా, నేనే వస్తున్నా! నీళ్లన్నీ నీ తొట్టికే మళ్లించుకున్నావా? పొద్దుటినుంచీ నా గొడ్లకి గుక్కెడు లేవు.”

“బాగుంది! దొంగే ‘దొంగ, దొంగ’ అని అరిచినట్టుంది. ఏదీ, నీ కుళాయి ఎత్తు చూద్దాం.”

అన్న విసురుగా పిడి ఎత్తాడు. కుళాయి దగ్గింది. బుస్సుమని గాలి ఊదింది. అరచేతిలో పట్టేంత బురద కక్కి, ఊరుకుంది.

అన్న ఆ బురదకేసే చూస్తూ, గొంతు తగ్గించి అడిగాడు.

“నీది?”

“సన్నగా వచ్చింది. ఇందాకటిదాకా.”

గోడ అవతలినుంచి భార్య కేక వినిపించింది. “ఏవండీ! ఆ కాస్త ధారా ఆగిపోయింది!”

గడ్డపార నేలమీద పడింది. మోటారు మాత్రం అలా తిరుగుతూనే ఉంది.

“అయితే ఒరేయ్, మన బోరు...”

తమ్ముడు రెండు చేతులతోనూ అన్న నోరు మూసేశాడు.

“ఆ మాట అనకన్నయ్యా. ‘నీళ్లు నేనే కాజేశానురా’ అను, చాలు. నీ కాళ్లు పట్టుకుంటాను.”