గడప దాటని వీరుడు

మంగళవారం పదకొండు గంటలకు ఆ అక్కాతమ్ముళ్ళకి పబ్లిషర్ చేజారిపోయాడు. కారణం ఒక తాత.

మూడేళ్ళుగా వాళ్ళిద్దరూ ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నారు. ఆడేవాళ్ళే అందులో వీరులు. ఇల్లు వదలాలి, ఏడు రాజ్యాలు దాటాలి, డ్రాగన్‌ని చంపాలి. రాజ్యాలు తమ్ముడివి. కోటలన్నీ రాయి రాయీ పేర్చినట్టు గీశాడు. ఇల్లు అక్కది. ఆ ఇంటి గుమ్మంలో కుర్చీ వేసుకుని తాత కూర్చుంటాడు.

"గొడుగు తీసుకున్నావా?" అంటాడు.

తెస్తే, "మంచినీళ్ళ సీసా?" అంటాడు. అదీ తెస్తే చిన్నగా దగ్గి, "ఆ గుండీ చూసుకో" అంటాడు. తలుపు మాత్రం తియ్యడు.

పబ్లిషర్ వారం రోజులు ఆడి మరీ వచ్చాడు.

"డ్రాగన్ ఎక్కడుందండీ?"

"ఏడో రాజ్యంలో," అన్నాడు తమ్ముడు.

"నేనింకా చెప్పులు వెతుకుతున్నాను."

తమ్ముడు తల పట్టుకున్నాడు.

"ప్రచారం మేం చూసుకుంటాం. పది భాషల్లో విడుదల చేస్తాం. మీరు చెయ్యాల్సిందల్లా ఆ ముసలాయన్ని తీసెయ్యడమే," అన్నాడు పబ్లిషర్.

అక్క తల అడ్డంగా ఊపింది.

"పోనీ గొంతైనా మార్చండి. మా దగ్గర మంచి నటులున్నారు, ఒక్క పూటలో చెప్పేస్తారు. ఈయనేంటండీ, ఎన్నిసార్లు విన్నా అదే చోట అదే దగ్గు!"

అక్క లేచి ఆయన సంచీ ఆయన చేతికిచ్చింది.

"మేమే విడుదల చేసుకుంటాం."

ఆయన మెట్లు దిగేదాకా తమ్ముడు ఆగాడు.

"మేమే అంటే ఎవరక్కా? ప్రచారం నువ్వు చేస్తావా? కొన్నవాళ్ళు తిడితే జవాబు నువ్వు రాస్తావా?"

"రాస్తాను."

"మూడేళ్ళు గీశానక్కా. ఒక్కడైనా నా మొదటి కోట చూడొద్దా? తాత మాటతో పనేముంది? తలుపు తియ్యడం రెండు నిమిషాల పని."

"చెప్పకుండా ఎలా వెళ్ళిపోతార్రా ఎవరైనా?"

తమ్ముడు కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

గేమ్‌ని సొంతంగానే విడుదల చేశారు. మొదటి వారం పన్నెండు మంది కొన్నారు. ఆ పన్నెండు మందీ గుమ్మం దగ్గరే ఇరుక్కుపోయారు. ఇరుక్కున్నవాళ్ళు ఊరుకోకుండా స్నేహితులని పిలిచారు. మూడో నెలకి వేలమంది గుమ్మంలో నిలబడి ఉన్నారు.

అభిప్రాయాలు వచ్చిపడ్డాయి.

"నలభై గంటలు ఆడాను. ఇంత కఠినమైన శత్రువుని ఏ ఆటలోనూ చూడలేదు."

"మా అమ్మ నా వెనక నిలబడి, ఆయన చెప్పింది నిజమే, స్వెట్టర్ తీసుకో అంటోంది."

"నిన్న ఆఫీసుకి బయల్దేరుతూ గుండీ చూసుకున్నాను. నిజంగానే ఊడింది."

కుర్చీ చుట్టూ మూడుసార్లు తిరిగితే తలుపు తెరుచుకుంటుందని ఒక వర్గం. తాతే డ్రాగన్ అని ఇంకో వర్గం. రెండు వర్గాల మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. తిట్లన్నిటికీ అక్క ఓపిగ్గా జవాబులు రాసింది.

పబ్లిషర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నాదే పొరపాటండీ. తాతని కదపొద్దు, ఉండనివ్వండి. డ్రాగన్‌ని తీసేద్దాం. ఆ ఏడు రాజ్యాలు కూడా దండగ, ఉత్త బరువు."

తమ్ముడి మొహం పాలిపోయింది.

"రాజ్యాలు ఉంటాయి," అంది అక్క. "వాడు మూడేళ్ళు గీశాడు."

"ఎవరూ చూడనివి ఎందుకమ్మా?"

"చూస్తారు."

"మరి తలుపు ఎప్పుడు తెరుస్తారు?"

అక్క కంప్యూటర్ వైపు చూసింది. తెరమీద తాత చిన్నగా దగ్గాడు. తమ్ముడు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"చెప్పక్కా."

ఏడు రాజ్యాలూ సిద్ధంగా ఉన్నాయి, డ్రాగన్ సిద్ధంగా ఉంది, తలుపు కిర్రుమనే చప్పుడు కూడా సిద్ధంగానే ఉంది. "తక్కింది రేపు చెబుతాలే" అని మైకు ముందు నుంచి లేచి, ఆ రేపటిని చూడకుండానే పోయిన నాన్న గొంతులో "సరే, వెళ్ళిరా" అనే ఒక్క మాట మాత్రం రికార్డు చెయ్యకుండా మిగిలిపోయింది.