ఏడ్చే గొంతుకు కాపలా

పిల్లల గొంతులతో అమ్మానాన్నలకు ఫోన్ చేసి డబ్బు లాగే వైరస్‌లు ఇంటింటికీ పాకిన రోజులివి. దొంగ గొంతు ఎప్పుడూ ఏడుస్తూనే వస్తుందని మా అమ్మాయి హైమ మా ఫోన్‌కి కంప్యూటర్‌ని కాపలా పెట్టింది. ఫోన్‌లో ఎవరు ఏడ్చినా అది కట్ చేసేస్తుంది. విశాఖలో మొగుడితో ఉంటున్న తన ఇంట్లోనూ అదే పెట్టుకుంది.

సోమవారం నేను పప్పు కడుగుతుంటే కాపలా చెప్పింది. "పోయిన వారం హైమ గారి గొంతుతో ఏడుపులు ఆరు. అన్నీ ఆపి దాచాను."

పప్పు గిన్నె పక్కన పెట్టేశాను. "ఏమండీ, ఒక్కటి విందామండీ."

"నీకేమన్నా పిచ్చా? దొంగేడుపులు కూర్చుని వింటావా!" అన్నారు మా ఆయన టీ చప్పరిస్తూ.

అయినా వినిపించమన్నాను.

"అమ్మా, ఆయన మళ్లీ కొట్టాడే. నాన్నని పంపవే."

డబ్బు మాటే లేదు. మా ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

వెంటనే ఫోన్ చేశాను. "హైమా, నా తల్లీ" అనేసరికి ఏడుపొచ్చేసింది. "ఏడుపు గొంతు. ఆపేస్తున్నాను" అంది అవతల హైమ ఇంటి కాపలా.

నీళ్లు తాగి మళ్లీ చేశాను. ఏడవకుండా దాని పేరు పలకడం నాకు చేతకాలేదు.