రంగు మారని పట్టీ

పొద్దు గూకినాక అభిరామి మిద్దెమీద దిగి స్నానం చేసే వేన్నీళ్ళ తొట్టి మూత తీసి, క్లోరిన్ చూసే కాగితం పట్టీ ముంచింది. రోజా రంగు రావాల్సింది, తెల్లగానే ఉంది. పళనికి పోయిన మొగుడికి ఫోను చేసింది.

"పొద్దున వేసిన క్లోరిన్ అప్పుడే లేదు, మామా."

"మనుషులు దిగితేనే అంత తొందరగా అయిపోయేది. ఎవరు దిగినారు?"

"ఇంట్లో నేనొక్కదాన్నే కదా."

మళ్ళీ క్లోరిన్ కలిపి, మూతకు తాళం వేసింది. బువ్వ తిని వచ్చి చూస్తే తాళం వేసినట్టే ఉంది. తీసి పట్టీ ముంచింది. మళ్ళీ తెలుపే. నీళ్ళమీద సీకాయి నురగ తేలుతా ఉంది. అవ్వ కాలం చేసినాక ఈ ఇంట్లో సీకాయి కొన్నదే లేదు.

మూత మెల్లగా దించి, తాళం నొక్కి, మెట్లవైపు తిరిగింది.

మూత కిందనుంచి నిమ్మళంగా వినిపించింది. "పాపా, వీపు రుద్ది పో."